విదేశీ పాస్‌పోర్టు, కోనసీమ కారు: ఫాస్టాగ్ వాడకంపై ఒక సమీక్ష

టోల్‌గేటు దగ్గర రుసుము దానంతట అదే కట్టే స్టిక్కరు ఫాస్టాగ్ మీద వచ్చే అభిప్రాయాలు ఎక్కువగా రోజూ ఇక్కడే బండి నడిపేవారివి. వారికి ఆధార్ ఉంటుంది, చేతిలో ఇక్కడి ఫోన్ నంబరు ఉంటుంది, ఊళ్లో బ్యాంకు ఖాతా ఉంటుంది. ఈ మూడింటిలో ఒకటో రెండో లేనివాడికి, అంటే విదేశీ పౌరసత్వం తీసుకుని ఏడాదిలో ఎక్కువ నెలలు బయటే గడుపుతూ గోదావరి జిల్లాల్లోని సొంత ఇంటి దగ్గర ఒక కారు ఉంచుకున్నవాడికి, ఈ సేవ ఎలా ఉంటుందో చెప్పేవారు తక్కువ. నేను మెల్‌బోర్న్‌లో ఉంటున్న ఓసీఐ కార్డుదారుణ్ని, అంటే భారత సంతతి విదేశీ పౌరులకు ఇచ్చే కార్డు ఉన్నవాణ్ని. మా ఇల్లు కొత్తపేట మండలంలో ఉంది. కారు అక్కడే ఉంటుంది. నేను వచ్చినప్పుడు నా కోసం, రానప్పుడు నాన్నగారి ఆసుపత్రి పనులకూ చుట్టాల పెళ్లిళ్లకూ తిరుగుతుంది. నా అంచనా ముందే చెప్పేస్తాను: టోల్‌గేటు దగ్గర ఈ సేవకు అయిదుకు నాలుగున్నర ఇవ్వవచ్చు, విదేశీ పౌరుడు దాన్ని తన పేరు మీద నడుపుకోవాలంటే మాత్రం రెండుకు మించి ఇవ్వలేను.

ముందు మంచి సంగతి చెబుతాను. కారు ముందు అద్దానికి లోపలి వైపు అతికించే ఆ ఊదారంగు స్టిక్కర్‌లో బ్యాటరీ ఉండదు. గేటు మీద ఉన్న యాంటెన్నా పంపే రేడియో తరంగాల నుంచే శక్తి తీసుకుని అది తన గుర్తింపు సంఖ్యను తిరిగి పంపుతుంది. అందువల్ల నెలల తరబడి షెడ్డులో నిలబడిపోయిన కారు స్టార్ట్ కాకపోవచ్చు గాని, ట్యాగు మాత్రం నిన్న అతికించినట్టే పనిచేస్తుంది. మా బోటి వాళ్లకు ఇది చిన్న సౌకర్యమేమీ కాదు. సంఖ్య చదవగానే ఆ సమాచారం టోల్‌గేటు తరఫు బ్యాంకు నుంచి నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ వ్యవస్థకు, అక్కడి నుంచి మనకు ట్యాగు ఇచ్చిన బ్యాంకుకు వెళ్తుంది. ఆ బ్యాంకు మన వాలెట్‌లో ఉన్న సొమ్ములోంచి రుసుము చెల్లిస్తుంది. మధ్యలో ఇన్ని చేతులు ఉన్నాయని తెలిసి ఉంటే, ఎక్కడైనా చిక్కు వచ్చినప్పుడు గేటు దగ్గర ఉన్న కుర్రాడి మీద కోపం తెచ్చుకోకుండా, అడగవలసిన వాళ్లను అడగవచ్చు.

2017 డిసెంబరు 1 నుంచి కొత్త కార్లు ట్యాగుతోనే వస్తున్నాయి. 2021 ఫిబ్రవరి 15 అర్ధరాత్రి నుంచి జాతీయ రహదారుల టోల్‌గేట్లలో అన్ని వరుసలూ ఫాస్టాగ్ వరుసలే అయ్యాయి. ట్యాగు లేకుండా వచ్చినవారు రెట్టింపు కట్టవలసి వచ్చింది. 2025 నవంబరు 15 నుంచి దీనికి కొంత సడలింపు ఇచ్చారు. అప్పుడు నగదు ఇచ్చేవారికి రెట్టింపు అలాగే ఉంచి, యూపీఐతో కట్టేవారికి ఒకటింబావు రెట్లు చాలన్నారు. అంటే వంద రూపాయల గేటు దగ్గర నగదుకు 200, యూపీఐకి 125. రెండు వారాల సెలవు మీద వచ్చి, బంధువుల కారు తీసుకుని, దాని ట్యాగు పని చేయకపోతే ఏం చేయాలో తెలియక నిలబడేవారికి ఈ సడలింపు నిజంగా పనికి వస్తుంది.

మా ఊరి నుంచి గన్నవరం విమానాశ్రయానికి వెళ్లాలంటే రావులపాలెం దగ్గర పెద్ద రోడ్డెక్కి ఈతకోట, ఉంగుటూరు, కలపర్రు, పొట్టిపాడు గేట్లు దాటాలి. హైదరాబాదు నుంచి కారులోనే వచ్చేవారికి విజయవాడ చేరకముందే పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు, కీసర తగులుతాయి. అటు విశాఖపట్నం వైపు అయితే కృష్ణవరం, వేంపాడు ఉన్నాయి. రాజమండ్రి విమానాశ్రయం ఉన్న మధురపూడిలో దిగి రావులపాలెం మీదుగా కోనసీమలోకి వచ్చేవారికి ఈ లెక్క చాలా తగ్గిపోతుంది. విమానం టికెట్లు చూసుకునేటప్పుడు ఈ సంగతి కూడా కలిపి చూసుకోవడం మంచిది. భీమవరం, పాలకొల్లు వాళ్లలో చాలామంది ఆకివీడు, కైకలూరు, గుడివాడ మీదుగా పామర్రు చేరే 165వ నంబరు జాతీయ రహదారిలో వెళ్లి పాత అయిదో నంబరు హైవే గేట్లను తప్పించుకుంటారు. ఆ దారిలో నాలుగు వరుసల రోడ్డు సుఖం లేదు, ఊళ్ల మధ్య నుంచి వెళ్లాలి, వరికోతల కాలంలో ధాన్యం ట్రాక్టర్ల వెనక పడాలి. టోలు డబ్బు మిగిలింది అనుకునే లోపు డీజిలూ సమయమూ తినేస్తాయన్నది నా అభిప్రాయం గాని, మా బావగారు దీన్ని ఎప్పటికీ ఒప్పుకోరు.

గేటు దగ్గర పనితీరు విషయానికి వస్తే, మామూలు రోజుల్లో ఫిర్యాదుకు తావు లేదు. కారు వేగం తగ్గించి ముందుకు పోతుండగానే అడ్డుకర్ర లేస్తుంది. అప్పుడప్పుడు ట్యాగు చదవకపోతే గేటు మనిషి చేతి మిషన్ తెచ్చి అద్దానికి చూపిస్తాడు, అంతటితో సరిపోతుంది. కొందరు ఎండకు తట్టుకోలేక లోహపు పూత ఉన్న ఫిల్ము వేయిస్తారు. అటువంటి పూత రేడియో తరంగాలకు అడ్డు కనుక, ట్యాగు ఉన్న చోట దాన్ని వదిలేయమని చెప్పాలి. ట్యాగును అద్దానికి అతికించకుండా డాష్‌బోర్డు మీద పెట్టుకుని గేటు దగ్గర చేత్తో ఎత్తి చూపించే అలవాటు మన జిల్లాల్లో బాగా ఉండేది. 2025 జూలైలో జాతీయ రహదారుల సంస్థ అలాంటి విడి ట్యాగులను బ్లాక్‌లిస్ట్‌లో పెట్టమని టోలు వసూలు సంస్థలకు ఆదేశం ఇచ్చింది. డ్రైవరును పెట్టుకుని కారు వదిలి వెళ్లేవారు ఈ మాట అతనికి స్పష్టంగా చెప్పి వెళ్లాలి.

సంక్రాంతికి మాత్రం ఏ ట్యాగూ ఎవరినీ కాపాడదు. హైదరాబాదు నుంచి గోదావరి జిల్లాలకు కదిలే ఆ మూడు నాలుగు రోజుల రద్దీలో పంతంగి దగ్గర బారులు తీరిన కార్లన్నిటికీ ట్యాగు ఉంటుంది. ఒక్కో కారుకు కొన్ని సెకన్లే పట్టినా, వచ్చే కార్లు గేట్ల సామర్థ్యాన్ని మించిపోతే క్యూ పెరగక తప్పదు. వంద మీటర్లు దాటి క్యూ ఉంటే టోలు లేకుండా వదిలేయాలని 2021లో ఇచ్చిన మార్గదర్శకాన్ని ఇప్పటికీ చాలామంది గేట్ల దగ్గర వాదనకు వాడుతున్నారు. దాన్ని 2024లో ఉపసంహరించారు, కాబట్టి ఆ వాదన ఇప్పుడు చెల్లదు. చెల్లే నియమం మరొకటి ఉంది: మన ట్యాగు సక్రమంగా ఉండి, అందులో సరిపడా డబ్బు ఉండి, గేటు వాళ్ల యంత్రం పనిచేయని కారణంగా రుసుము తీసుకోలేకపోతే, డబ్బు లేకుండానే పంపించి సున్నా రసీదు ఇవ్వాలి. ఇది 2018 నుంచి ఉన్న నియమం. గేటు దగ్గర మర్యాదగా, కాని గట్టిగా అడగవలసింది ఇదే.

తిరుగు ప్రయాణపు రాయితీ కూడా ట్యాగులోనే దానంతట అదే అమలవుతుంది. ఇరవై నాలుగు గంటల లోపు అదే గేటు మీదుగా తిరిగి వస్తే రానుపోను మొత్తం రుసుము ఒకవైపు రుసుముకు ఒకటిన్నర రెట్లే. అంటే తిరుగు ప్రయాణంలో సగమే కోత పడుతుంది. తెల్లవారుజామున విమానాశ్రయంలో మనల్ని దించి డ్రైవరు మధ్యాహ్నానికి ఇంటికి చేరితే ఈ లాభం దక్కుతుంది. బెజవాడలో బంధువుల ఇంట రాత్రి పడుకుని మర్నాడు సాయంత్రం బయలుదేరితే దక్కదు.

ఇక అసలు కష్టం దగ్గరికి వస్తాను. మా కోనసీమలో కార్లకు మరెక్కడా అంతగా లేని ప్రమాదం ఒకటి ఉంది. పెరట్లో ఎక్కడ నిలబెట్టినా నెత్తి మీద కొబ్బరిచెట్టే. ఒక గాలివానకు కాయ రాలి మా కారు ముందు అద్దం పగిలింది. అద్దం కొత్తది వేయించడానికి రాజమండ్రి మెకానిక్కు ఒక పూట చాలింది, బీమా కూడా వచ్చింది. ట్యాగు మాత్రం పాత అద్దంతోనే పోయింది, ఎందుకంటే ఒకసారి అతికించిన ట్యాగును ఊడదీస్తే అది పాడైపోయేలాగే తయారు చేస్తారు. పాతది రద్దు చేయించి కొత్తది తీసుకోవాలి. ఒక వాహనానికి ఒకే ట్యాగు అన్న నియమం ఉంది కనుక పాతదాన్ని అలా వదిలేసి మరో బ్యాంకులో ఇంకొకటి తీసుకునే వీలూ లేదు.

కారు కొన్నప్పుడు షోరూం వాళ్లే అతికించి ఇచ్చిన ట్యాగు కనుక అప్పట్లో నా గుర్తింపు గురించి ఎవరూ పెద్దగా అడగలేదు. ఆ తరువాతి కాలంలో నియమాలు బిగిశాయి. 2024లో మూడేళ్లు దాటిన ట్యాగులకు కేవైసీ (యజమాని గుర్తింపు వివరాలు) తాజా చేయాలని, అయిదేళ్లు దాటిన వాటిని మార్చాలని చెప్పారు. ట్యాగు ఏ బండి మీద ఉందో ఫొటోలతో రుజువు చేసే కేవైవీ కూడా చేరింది. 2025 అక్టోబరు చివర్లో ఈ ఫొటోల తతంగాన్ని కొంత తేలిక చేసి, నంబరు ప్లేటూ ట్యాగూ కనిపించేలా ముందువైపు ఫొటో ఒకటి చాలన్నారు. కొత్తగా ఇచ్చే కారు ట్యాగులకు 2026 ఫిబ్రవరి 1 నుంచి కేవైవీని తీసేశారు. వాహనం సంగతి అలా సులువైంది. మనిషి సంగతి కాలేదు.

నేను కొత్త ట్యాగు కోసం ప్రయత్నించిన ఒక బ్యాంకు యాప్ మొదటి మెట్టులోనే ఆధార్ సంఖ్య అడిగింది. నేను దేశం విడిచి వెళ్లేనాటికి ఆధార్ లేదు. విదేశీ పౌరుడికి, ఓసీఐ కార్డు ఉన్నా సరే, దరఖాస్తుకు ముందరి పన్నెండు నెలల్లో 182 రోజులకు తగ్గకుండా భారతదేశంలో నివసించి ఉంటేనే ఆధార్ నమోదుకు అర్హత వస్తుంది. భారతీయ పాస్‌పోర్టు ఉన్న ప్రవాసులకు ఈ నిరీక్షణ లేదు. ఊరికి వచ్చిన వారంలోనే వెళ్లి దరఖాస్తు చేసుకోవచ్చు. కాబట్టి ఒకే వీధిలో పుట్టి, ఒకే దేశంలో ఉద్యోగం చేస్తున్న ఇద్దరిలో పాస్‌పోర్టు మార్చుకోనివాడికి ఫోన్‌లో అయ్యే పని, మార్చుకున్నవాడికి కౌంటర్ దగ్గర కూడా అవ్వదు. పాన్ కార్డు విదేశీ పౌరులకూ ఇస్తారు, నాకూ ఉంది. ఆ యాప్‌కు అది ఒక్కటే సరిపోలేదు. బ్రాంచికి వెళ్లి పాస్‌పోర్టు, ఓసీఐ కార్డు, పాన్, కారు ఆర్సీ బల్ల మీద పరిస్తే అక్కడి అధికారి వాటిని ఎంతో ఓపికగా తిరగేసి చూశారు. చివరికి, "ఇవన్నీ సరైనవేనండి, కాని మా సిస్టంలో ఇవి ఎక్కించే గడి లేదండి. నాన్నగారి పేరు మీద తీసేసుకోండి, సుఖం" అన్నారు. ఆయన చెప్పిన దాంట్లో తప్పు లేదు. అంతకుముందు నేను చదివిన ఏ సహాయ పేజీలోనూ ఇంత సూటిగా చెప్పలేదు.

అయితే నాన్నగారి పేరు మీద తీసుకోవాలంటే ఆర్సీ నా పేరు మీద ఉంది. ట్యాగు బ్యాంకు ఆర్సీలోని పేరును, కేవైసీలోని పేరును పక్కపక్కన పెట్టి చూస్తుంది. అందుచేత 29, 30 నంబరు ఫారాలు నింపి కారునే నాన్నగారి పేరుకు మార్చాం. అది పూర్తయ్యాక ట్యాగు రావడానికి అసలు శ్రమే లేదు. ఆయన ఆధార్‌కు ఆయన ఫోన్‌కే ఓటీపీ వచ్చింది, ట్యాగు ఇంటికే వచ్చింది, దాన్ని చూసి ఆయన "ఇంతోటి బిళ్ల కోసమా కారు నా పేరు మీద రాశావు" అని నవ్వారు. కొత్తగా కారు కొనాలనుకునే ఓసీఐ వారికి నేను ఇచ్చే సలహా ఇదే: ఆర్సీ, ట్యాగు, ఫోన్ నంబరు ఈ మూడూ ఒకే మనిషివి కావాలి, ఆ మనిషి ఏడాది పొడుగునా ఇక్కడ ఉండేవారు కావాలి. డబ్బు మీరు ఎక్కడి నుంచైనా వేయవచ్చు.

ఫోన్ నంబరు గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే ఆధార్ ఉన్న ప్రవాసులు కూడా ఇక్కడ ఇబ్బంది పడతారు. ఫాస్టాగ్‌కు సంబంధించిన ప్రతి మార్పుకూ ఓటీపీ ట్యాగులో నమోదైన ఇక్కడి నంబరుకే వస్తుంది. విదేశానికి తీసుకుపోయిన ప్రీపెయిడ్ సిమ్‌ను తొంభై రోజుల పాటు వాడకుండా, అందులో డబ్బు లేకుండా వదిలేస్తే కంపెనీ దాన్ని ఆపేసి, కొంతకాలానికి మరొకరికి ఇచ్చేయవచ్చు. అప్పుడు మన కారు గేటు దాటిన కబురు ఎవరో తెలియని మనిషికి చేరుతుంది. రోమింగ్‌లో వచ్చే మెసేజ్‌కు సాధారణంగా డబ్బు పడదు కనుక, చిన్న రీఛార్జితో ఆ సిమ్‌ను బతికించుకోవడం ఒక దారి. నాన్నగారి నంబరుకు మార్చాక మాకు ఆ బెడద పోయింది. ఓటీపీ కావాలంటే ఆయనే వాట్సాప్‌లో చదివి చెబుతారు. కాకపోతే మెల్‌బోర్న్‌లో రాత్రి పదకొండున్నర అయ్యేసరికి ఇక్కడ ఇంకా ఏడే అవుతుందన్న సంగతి ఆయనకు ఎప్పుడూ గుర్తుండదు, టోలు మెసేజ్ రాగానే అది ఏమిటని అప్పుడే ఫోన్ చేస్తారు.

విదేశం నుంచి డబ్బు వేయడం ఎలా అన్నది అందరూ అడిగే ప్రశ్న. విదేశీ బ్యాంకు ఇచ్చిన క్రెడిట్ కార్డుతో నేరుగా రీఛార్జి చేయాలని చూస్తే తిరస్కరిస్తుంది. యాప్ లోపమని అనుకుని మళ్లీ మళ్లీ కార్డు మార్చి చూసేవారు ఉన్నారు. కారణం వేరు: ఫాస్టాగ్ వాలెట్ ప్రీపెయిడ్ సాధనాల కిందికి వస్తుంది, అలాంటి వాటిలో భారతదేశంలోని నియంత్రిత సంస్థలు ఇచ్చిన కార్డులు, ఖాతాల నుంచి, రూపాయల్లోనే డబ్బు వేయాలని రిజర్వ్ బ్యాంకు నియమం. కాబట్టి బయటి కార్డు ఎంత గొప్పదైనా ఇక్కడ చెల్లదు. నేను ఉండే మెల్‌బోర్న్‌లో హైవే టోలుకు ఆగే గేట్లే లేవు. ఖాతా తెరిచి కార్డు జత చేస్తే, నిల్వ తగ్గినప్పుడల్లా అదే నింపుకుంటుంది, పౌరసత్వం ఏదని ఎవరూ అడగరు. పోల్చడం న్యాయం కాదేమో గాని, అలవాటు పడినవాడికి తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

నాకు కుదిరిన మార్గం ఎన్ఆర్ఓ ఖాతా, అంటే విదేశాల్లో ఉండేవారు ఇక్కడి ఆదాయం కోసం ఉంచుకునే రూపాయల ఖాతా. విదేశంలో స్థిరపడినవారు పాత పొదుపు ఖాతాను ఎలాగూ ఎన్ఆర్ఓగా మార్చుకోవాలి. అద్దెలు, కౌలు డబ్బులు పడేది అందులోనే కనుక మన వైపు వారందరికీ అది ఉంటుంది. 2023 జనవరిలో పేమెంట్స్ కార్పొరేషన్ వారు, ఎన్ఆర్ఈ (విదేశీ సంపాదన వేసుకునేది), ఎన్ఆర్ఓ ఖాతాలను విదేశీ ఫోన్ నంబర్లతోనే యూపీఐకి జత చేసుకోవచ్చని పది దేశాలకు అనుమతి ప్రకటించింది: సింగపూర్, ఆస్ట్రేలియా, కెనడా, హాంకాంగ్, ఒమన్, ఖతార్, అమెరికా, సౌదీ అరేబియా, యూఏఈ, బ్రిటన్. ఆస్ట్రేలియా అందులో ఉండటం నా అదృష్టం. నా అక్కడి నంబరును బ్యాంకులో నమోదు చేయించాక, యూపీఐ యాప్‌లో ఫాస్టాగ్ రీఛార్జి విభాగానికి వెళ్లి, ట్యాగు ఇచ్చిన బ్యాంకు ఎంచుకుని, కారు నంబరు కొడితే నాన్నగారి పేరు కనిపిస్తుంది, డబ్బు వేస్తే నిమిషంలో చేరుతుంది. ట్యాగు మన పేరు మీద ఉండనక్కర్లేదు. కారు నంబరు తెలిసినవారు ఎవరైనా వేయవచ్చు. ఈ సేవలో విదేశాల్లో ఉండేవారికి నిజంగా పనికివచ్చే అంశం ఇదొక్కటే అనిపిస్తుంది నాకు.

ఆ పది దేశాల్లో కువైట్ లేకపోవడం గోదావరి జిల్లాల వారికి గుచ్చుకునే విషయం. కోనసీమ నుంచీ నరసాపురం చుట్టుపక్కల నుంచీ గల్ఫ్‌కు వెళ్లినవారిలో కువైట్‌లో ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు ఎంతమందో మన జిల్లా వాళ్లకు చెప్పనక్కర్లేదు. వారి కష్టార్జితంతో తమ్ముడికో కొడుక్కో కొన్న కారు ఊళ్లో తిరుగుతుంటుంది. ట్యాగులో డబ్బు అయిపోతే కువైట్‌లో ఉన్న అక్కకు ఫోన్ వెళ్తుంది. ఆమె అక్కడి ఎక్స్‌చేంజి నుంచి ఇక్కడి ఖాతాకు పంపడం, ఇక్కడివారు రీఛార్జి చేయడం, ఇలా రెండు అంచెలు. అటువంటి ఇళ్లలో నేను చెప్పేది ఏమిటంటే, ఒక్కో రీఛార్జికి విడిగా డబ్బు పంపే బదులు ఇక్కడి వారి ఖాతా నుంచి ఆటో రీఛార్జి పెట్టించండి. 2024లో రిజర్వ్ బ్యాంకు ఫాస్టాగ్ నింపుడును కూడా ఆటోమేటిక్ చెల్లింపుల విధానంలోకి తెచ్చి, ప్రతిసారీ ముందు రోజు నోటీసు ఇవ్వాలన్న నిబంధన నుంచి మినహాయించింది. నిల్వ నిర్ణీత మొత్తం కన్నా తగ్గగానే ఖాతా నుంచి అదే తీసుకుంటుంది. ఖాతాలో డబ్బు ఉండేలా చూసుకోవడమే బయట ఉన్నవారి వంతు.

ఆటో రీఛార్జి ఎందుకు అవసరమో గేటు దగ్గర ఒకసారి ఆగితే తెలుస్తుంది. నిల్వ చాలకపోయినా, కేవైసీ పూర్తి కాకపోయినా ట్యాగు బ్లాక్‌లిస్ట్‌లోకి వెళ్తుంది. 2025 ఫిబ్రవరి 17 నుంచి అమలైన నిబంధన ప్రకారం, గేటు చదివిన సమయానికి గంట ముందు నుంచే బ్లాక్‌లిస్ట్‌లో ఉండి, చదివిన పది నిమిషాల తరువాత కూడా అలాగే ఉంటే ఆ లావాదేవీ తిరస్కరణకు గురవుతుంది. దీని మీద పుట్టిన గందరగోళానికి జాతీయ రహదారుల సంస్థ వివరణ ఇచ్చింది: జాతీయ రహదారుల గేట్లు ట్యాగు స్థితిని అప్పటికప్పుడు తెలుసుకునే పద్ధతిలో పనిచేస్తాయి కనుక, గేటు దాటేలోగా ఎప్పుడు రీఛార్జి చేసినా సరిపోతుందని, రాష్ట్ర రహదారుల్లోని కొన్ని గేట్లు ఇంకా పాత పద్ధతిలోనే ఉన్నాయని. దూరాన ఉన్నవాడికి ఇందులోని సారం చిన్నది. డ్రైవరు రావులపాలెంలో కాఫీకి ఆగి "బ్యాలెన్స్ ఎంతుందో చూడండి సార్" అని ఫోన్ చేస్తే, ఆ కాఫీ తాగేలోగా వేసిన డబ్బు ఈతకోట గేటుకు అందుతుంది.

తప్పుడు కోతల గురించి కూడా చెప్పాలి. షెడ్డులో ఉన్న కారుకు ఎక్కడో గేటు దాటినట్టు మెసేజ్ వస్తే భయపడనక్కర్లేదు. గేటు దగ్గర ట్యాగు చదవనప్పుడు సిబ్బంది నంబరును చేత్తో కొడతారు, ఒక అంకె తప్పితే మన ఖాతాకు తగులుతుంది. అలా చేత్తో కొట్టి తప్పు కోత పెట్టినట్టు రుజువైతే వసూలు సంస్థకు ఒక్కో ఉదంతానికి లక్ష రూపాయల జరిమానా వేస్తున్నట్టు ప్రభుత్వం ప్రకటించింది. ఫిర్యాదు ట్యాగు ఇచ్చిన బ్యాంకుకు చేయాలి. జాతీయ రహదారుల సహాయ నంబరు 1033 కూడా ఉంది గాని అది ఇక్కడి నుంచి పిలవడానికే సులువు. కారు ఆ రోజు ఇంట్లోనే ఉందని ఎలా చూపాలా అని నేను ఆలోచించేలోగానే మాకు జరిగిన ఒక తప్పుడు కోత డబ్బు తిరిగి వచ్చింది. ట్యాగు చదివిన ఆనవాలు లేదన్నదే అందుకు చాలిందట.

పాసుల సంగతి త్వరగా ముగిస్తాను. 2025 ఆగస్టు 15న వచ్చిన వార్షిక పాసు 3,000 రూపాయలతో మొదలైంది: సొంత కార్లకు, జాతీయ రహదారుల గేట్లలో, 200 దాటింపులు లేదా ఏడాది, ఏది ముందయితే అది. గేటు రుసుము సగటున వంద అనుకుంటే ఆ ధరకు ముప్ఫై దాటింపులకే పెట్టుబడి వచ్చేస్తుంది. మా ఊరి నుంచి గన్నవరానికి రానుపోను ఎనిమిది దాటింపులు కనుక, ఏడాదికి నాలుగైదు సార్లు విమానాశ్రయానికి కారు వెళ్లే ఇంటికి ఇది లాభమే. జాతీయ రహదారుల సంస్థ వారి రాజమార్గ్‌యాత్ర యాప్‌లో తీసుకోవచ్చు, మరో కారుకు మార్చడం కుదరదు, పసుపు నంబరు ప్లేటు టాక్సీలకు వర్తించదు. రోజూ ఒకే గేటు దాటేవారికి దీనికన్నా నెలవారీ స్థానిక పాసు మెరుగు: గేటుకు ఇరవై కిలోమీటర్ల లోపు నివాసం ఉన్న సొంత కార్ల వారికి 2025-26లో అది నెలకు 350 రూపాయలు. కొత్తపేట నుంచి ఈతకోట ఆ దూరం లోపే. అయితే నివాస రుజువు చూపాలి. ఓసీఐ కార్డు మీద మెల్‌బోర్న్ వాడికి ఆ పాసు ఎవరూ ఇవ్వరు, నాన్నగారికి ఇస్తారు.

ఇవేవీ పనికిరాని చోటు ఒకటి డెల్టాలో మిగిలే ఉంది. సఖినేటిపల్లి నుంచి నరసాపురానికి పంటు (బండ్లను గోదావరి దాటించే బల్లకట్టు పడవ) మీద కారు దాటించాలంటే చేతిలో నోట్లు ఉండాలి. పంటు వాడికి ట్యాగు చూపిస్తే నవ్వుతాడు. కత్తిపూడి నుంచి ఒంగోలు దాకా వెళ్లే 216వ నంబరు రోడ్డు మీద దిండి-చించినాడ వంతెన ఎక్కితే రేవు అవసరమే ఉండదు, కాని నరసాపురంలో పని ఉన్నవారికి పంటే దగ్గర.

చివరిగా, కారు అమ్మే ప్రవాసులు తరచుగా వదిలేసే పని ఒకటుంది. ట్యాగు అద్దానికి అలాగే ఉంచి కారు ఇచ్చేస్తే, కొన్నవాడి ప్రయాణాల రుసుమంతా మన వాలెట్‌లోంచే పోతుంది. పైగా పాత ట్యాగు ఆ కారు నంబరు మీద ఉన్నంతకాలం కొన్నవాడికి కొత్తది రాదు. బేరం కుదిరిన రోజే ట్యాగును ఊడదీసి, బ్యాంకుకు రద్దు చేయమని దరఖాస్తు పెట్టి, వాలెట్‌లో మిగిలిన సొమ్మునూ మొదట కట్టిన డిపాజిట్‌నూ ఏ ఖాతాలో వేయాలో రాయాలి. విదేశీ పౌరుడి పేరు మీద ఉన్న ట్యాగు అయితే ఆ ఖాతా ఎన్ఆర్ఓ కావాలి. పాత పొదుపు ఖాతా నంబరు రాస్తే ఆ వాపసు అక్కడే ఆగిపోవచ్చు.